ఇరవై రెండో పాట

మల్లవ్వ పోయిన నాలుగో రోజు పొద్దున పక్కింటి కాంతమ్మ బొగ్గుల సిగిడి వెలిగించింది. వంటకు కాదు, డోలక్ కాచడానికి. వారం నుంచి ముసురు. బొగ్గుబాయి కార్మికుల లైన్లలో గోడలు చెమ్మ పట్టాయి, దండేల మీద బట్టలు ఆరక వాసన కొడుతున్నాయి. ముసురుకు తోలు మెత్తబడి డోలక్ గొంతు బొంగురుపోతుందని ఆ లైన్లో పిల్లలకు కూడా తెలుసు. మల్లవ్వ దాన్ని యాభై వానాకాలాలు అందరి ఎదుటే కాచింది మరి. ఒకసారి ఎడమవైపు, ఒకసారి కుడివైపు తిప్పుతూ, నడుమ నడుమ వేలితో తట్టి చెవి ఒగ్గుతూ, పసిపిల్లకు సాంబ్రాణి వేసే తల్లిలా కాచేది.

కాంతమ్మకు ఆ నేర్పు లేదు. ఆమెది తాళాల చెయ్యి. డోలక్‌ను ఒళ్ళో పెట్టుకుని ఎంత దగ్గరికి జరపాలో తెలియక జరుపుతూ, మళ్ళీ వెనక్కి లాక్కుంటూ ఉంది.

విజయ్‌కుమార్ గడప లోపల చాప మీద కూర్చుని చూస్తున్నాడు. కర్మ పట్టినవాడు కనుక పదకొండు రోజులు ఇల్లు కదలకూడదు. పవర్‌ స్టేషన్‌లో ఇరవై ఎనిమిదేళ్ళ నౌకరీ, ఊర్జానగర్‌లో రెండు గదుల క్వార్టర్, అన్నీ ఉన్నాయి. తల్లి మల్లవ్వ మాత్రం బాయి లైన్లోని ఈ రేకుల ఇంట్లోనే ఉండిపోయింది. ఎన్నిసార్లు రమ్మన్నా రాలేదని అతను వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు. నిజానికి రమ్మన్నది రెండుసార్లు.

“బిడ్డా,” అంది కాంతమ్మ, సిగిడి వైపే చూస్తూ. “పదకొండో దినం నాడు తిండ్లు అయినంక భజన మండలి కూసుంటది. మీ అమ్మ పాటలన్నీ పాడుతం. ఆఖరుకు బుక్కుల పాట నువ్వు సదువాలె.”

“ఏం పాట చిన్నమ్మా?”

“గదే. నా పాట.”

విజయ్‌కుమార్‌కు ఏ పాటో అర్థమైంది.

“దవాఖానకు పోయేముందు అక్క బుక్కు నా చేతిల పెట్టింది,” అని కాంతమ్మ చెప్పుకుపోయింది. “సందూకల దాసిన. మా ఆయన, మీ భూమన్న కాక, బాయిల పోయినప్పుడు కట్టిన పాటనాయె. నా ముంగట ఒక్కనాడు పాడలే. ఎన్నిసార్లడిగినా, ‘నాతోని కాదు సెల్లె, నేను పోయినంక మా విజయ్ సదువుతడు, వాడు మంచిగ రాసిండు’ అనేది. నలభై ఏండ్లు ఓపిక పట్టిన. ఇంకో వారం పట్టలేనా?”

ఆమె డోలక్‌ను తట్టింది. అది డబ్బా మోగినట్టు మోగింది. “నాతోని కాదిది,” అని నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది.

ఆ పాట ఆ నోటుబుక్కులో లేదు. ఈ సంగతి భూమ్మీద తెలిసినవాడు ఒక్క విజయ్‌కుమారే.

మల్లవ్వకు చదువు లేదు. పాటలు మాత్రం నోట్లో ఊరేవి. పెళ్ళికి పసుపు కొట్టే పాట, తొట్టెల పాట, చావు భజన, ఎవరింట్లో ఏది జరిగినా డోలక్ సంకలో పెట్టుకుని వెళ్ళేది. తెలుగిల్లని, మరాఠీ ఇల్లని చూసేది కాదు. ఆ పాటలు మరిచిపోతానని భయం పట్టుకుని, పన్నెండేళ్ళ కొడుకును కూర్చోబెట్టి రాయించింది. బాయి పనికి మరాఠీ గడ్డకు వచ్చిన కుటుంబం, వాడు చదివేది మరాఠీ బడి. తెలుగు అక్షరం ఒక్కటి రాదు. అందుకని తెలుగు మాటలు మరాఠీ అక్షరాల్లో రాశాడు. ఆ లైన్లో పిల్లలందరికీ వచ్చిన అక్షరాలు అవే కనుక అది వింతగా ఎవరికీ తోచలేదు. ఇరవై ఒక్క పాటలు బుద్ధిగానే రాశాడు. ఇరవై రెండోది చెప్పే సాయంత్రం ఆటకు రమ్మని దోస్తు సచిన్ బయట బ్యాటుతో గోడ కొడుతున్నాడు. రాయడం ఆపితే తల్లికి తెలిసిపోతుంది. అందుకని పెన్ను కదిలించాడు, అంతే. ఏం రాశాడో కూడా ఇప్పుడు గుర్తు లేదు. ఆటగాళ్ళ పేర్లో, రన్నులో అయి ఉంటాయి.

ఆ తర్వాత మల్లవ్వ ఆ బుక్కును పసుపు గుడ్డలో చుట్టి దేవుడి పటాల పక్కన పెట్టుకుంది. ప్రతి దసరాకు దానికి కుంకుమ పెట్టేది. విజయ్‌కుమార్ ఆ మూట వైపు చూడడం ఎప్పుడో మానేశాడు.

ఐదో రోజున అతను చిన్న ఎత్తు వేశాడు.

“చిన్నమ్మా, గా బుక్కు ఒక్కసారి ఇయ్యవా? సదివి సూసుకుంట. ఎన్నడో రాసినాయె, తప్పులు పోతయి.”

గోడకు అటువైపు కాంతమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

“అక్క ఏం జెప్పింది? అందరి ముంగట ఇప్పాలె అన్నది. తప్పు పోతే పోనియ్ బిడ్డా. నీ నోటికెల్లి ఎట్లొస్తె గట్లనే వింట.”

అదే పళ్ళు రాలగొట్టినట్టు కసిరి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది.

పరామర్శకు వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళంతా మల్లవ్వ చేతుల గురించే మాట్లాడారు. ఎదురు లైన్లోని మరాఠీ ముసలావిడ తన ముగ్గురు కూతుళ్ళ పెళ్ళి హల్దికి ఆమె వాయించిందని వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. విజయ్ తండ్రి మొగిలితో పాటు బాయి దిగిన అప్పలనర్సయ్య చేతికర్ర ఊతంతో వచ్చి, చాప అంచున కూర్చున్నాడు.

“మీ బాపుకు ఛాతిల బొగ్గు పట్టినంక,” అన్నాడు, “నేను పొద్దుమూకి వచ్చేటోన్ని. మీ అమ్మ ఆయనను బోర్ల పండవెట్టి ఈపు మీద గిట్ల వాయించేది.” మోకాలి మీద వేళ్ళతో కొట్టి చూపించాడు. రెండు గట్టి దెబ్బలు, మూడు సన్నవి. “కళ్ళె తెగేదాక. డోలక్ మీద కొట్టినట్టే, తాళం తప్పకుంట. నాలుగేండ్లు. మొగిలిగాడు నవ్వేటోడు, ‘నా ఈపు మీద భజన నడుస్తున్నదిరా’ అని.”

విజయ్‌కుమార్ తల ఊపాడు. ఆ నాలుగేళ్ళు తను ఆదివారం ఆదివారం వచ్చి, మందులిచ్చి, చీకటి పడకముందే వెళ్ళిపోయేవాడు. ఆ చప్పుడు ఒక్కసారి కూడా వినలేదు. సిగ్గు వేసింది. అంతకన్నా ఎక్కువగా, ఇంత మనిషి తన చేత రాయించుకున్న చివరి పాటను తనేం చేశాడో ఈ ముసలాయనకు తెలిస్తే ఇలా పక్కన కూర్చుంటాడా అనిపించింది.

ఆరో రోజున పాట కట్టడం మొదలుపెట్టాడు.

ఎంత గింజుకున్నా ఒక్క వరుసే జ్ఞాపకం వచ్చింది. ‘దిగినోడు ఎక్కొచ్చేదాక దీపమార్పకు సెల్లె.’ బాయి దిగిన మొగుడు పైకి వచ్చేదాకా లైన్లో ఆడవాళ్ళు గుమ్మంలో దీపం ఆర్పరు, అది వాళ్ళ పట్టింపు. ఆ వరుస నిజంగా తల్లి నోటినుంచి విన్నదే. మిగతా మూడు చరణాలూ తనే అల్లాలి. కూతురు దివ్య దగ్గర ఒక కాగితం అడిగి తీసుకుని, పాత గోడ గడియారం కింద కూర్చుని, బొగ్గు అని రాసి కొట్టేశాడు. తట్ట అని రాసి కొట్టేశాడు. మల్లవ్వ మాటలన్నీ తనకు వచ్చినవే, చిన్నప్పటినుంచీ విన్నవే. కానీ వరసలో పెడితే అవి బడి పిల్లల స్వాగత గీతంలా వచ్చాయి.

ఎనిమిదో రోజుకు మూడు చరణాలూ అయ్యాయి. నాగపూర్ కాలేజీ నుంచి వచ్చిన దివ్య భుజం మీదుగా తొంగి చూసింది.

“పప్పా, ఆజీ పాటనా ఇది?”

నాయనమ్మ పాటేనని అతను ఔననలేదు, కాదనలేదు.

“కిత్తీ ఛాన్! ఎంత బాగున్నది,” అంది దివ్య. “ఆజీ గిట్లాంటివి కట్టేదని నాకు తెల్వనే తెల్వదు. నేను ఫోన్‌ల ఎక్కించుకోనా?”

“వద్దు,” అన్నాడు గట్టిగా. పిల్ల బిత్తరపోయింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. తల్లి పాటను మింగింది చాలక తన పాటను ఆమె నోట్లో కుక్కుతున్నాడు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసీ మర్నాడు రెండో చరణం మళ్ళీ దిద్దాడు.

పదో రోజు సాయంత్రం కాంతమ్మ కొత్త దారం కట్టిన తాళాలు చూపించడానికి వచ్చింది. ఆకుపచ్చ చీర ఒకటి ఒళ్ళో పెట్టుకుంది.

“గిది రేపు కట్టుకుంట. మీ కాక తెచ్చిందే. ఆయన పోయినంక కట్టలే. మంచిగుంటదా?”

ఇక ఓర్చుకోలేకపోయాడు. “చిన్నమ్మా, నీకొకటి జెప్పాలె. గా పాట ఉన్నది సూడు…”

కాంతమ్మ రెండు చెవులూ మూసుకుంది. అరవై ఆరేళ్ళ మనిషి, చిన్నపిల్లలాగా.

“చెప్పకు! ఇప్పుడే చెప్పకు బిడ్డా. రేపే వింట.”

ఆమె వెళ్ళిపోయింది. చెప్పబోయాను, ఆమే విననన్నది అని విజయ్‌కుమార్ తనకు తాను చెప్పుకున్నాడు. ఆ సాకు గంట సేపు కూడా నిలవలేదు.

పదకొండో రోజున వాన తెరిపి ఇచ్చింది. దినం పనులు, భోజనాలు ముగిసేసరికి మూడు దాటింది. ఇంటిముందు తడకల పందిరి కింద బొంత పరిచారు. మండలి ఆడవాళ్ళు తొమ్మిదిమంది చుట్టూ కూర్చున్నారు. నడుమ పీట మీద డోలక్, దాని మెడకు బంతిపూల దండ. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తాళాలతోనే పాడారు. పసుపు పాట, తొట్టెల పాట, బోనం పాట. ఒకావిడ ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకున్నారు. దెబ్బ పడవలసిన చోట దెబ్బ పడక పాటలు ఒక మెట్టు తప్పినట్టు నడిచాయి, అలవాటున అందరి కళ్ళూ ఆ పీట వైపే పోయాయి.

ఇరవై ఒక్క పాటలూ అయ్యాయి. ఆకుపచ్చ చీరలో కాంతమ్మ లేచి, పసుపు మూట తెచ్చి విజయ్‌కుమార్ చేతిలో పెట్టి, ఎదురుగా బాసింపట్టు వేసి కూర్చుంది.

అతని జేబులో కాగితం సిద్ధంగా ఉంది. బుక్కు తెరిచి, దాని మధ్యలో పెట్టి చదివేస్తే సరి. చూసేవాళ్ళు ఎవరు? ముడి విప్పాడు. అట్ట మీద గట్టిపడిన కుంకుమ చేతికి అంటింది. చివరి పేజీకి వెళ్ళి, చాటుగా కాగితం విప్పి పరిచాడు.

“దిగినోడు ఎక్కొచ్చేదాక దీపమార్పకు సెల్లె…” అని తల్లి రాగంలోనే ఎత్తుకున్నాడు.

కాంతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె మొహం అంత వెలిగిపోగా అతనెప్పుడూ చూడలేదు. రెండో వరుస కోసం కళ్ళు దించాడు. గాలికి కాగితం జరిగింది. కింద తన చిన్నప్పటి రాత కనిపించింది. ఆటగాళ్ళ పేర్లు కావు. మరాఠీలో రాసిన వాక్యాలు.

పైనుంచి కిందిదాకా చదువుకున్నాడు. మళ్ళీ చదివాడు.

“సదువు బిడ్డా,” అంది కాంతమ్మ.

అందులో ఉన్నది చదివితే ఈ మనిషి ఏమవుతుందో అతనికి తెలియదు. కాగితంలో ఉన్నది చదివితే సంతోషంగా ఇంటికి పోతుంది. అబద్ధమే ఆమెకు మేలని నిజంగానే అనిపించింది. అప్పుడు ఆఖరి వరుస మీద మళ్ళీ కన్ను పడింది. కాగితాన్ని మడిచి బొంత కింద పెట్టాడు.

“చిన్నమ్మా, పాట లేదు ఇండ్ల,” అన్నాడు. “నేను రాయలే. అమ్మ పాడుతుంటే రాసినట్టు చేసిన. గీ ఒక్క వరుసే నాకు యాదికున్నది. మిగతాది అమ్మతోనే పోయింది.”

ఎవరో అయ్యో అన్నారు. కాంతమ్మ మొహంలో వెలుగు ఉన్నపళంగా పోలేదు. అర్థం కావడానికి టైము పట్టింది.

“మరి గంతసేపు ఏం సూస్తున్నవు?”

“పెన్ను ఆపితే అమ్మ తిడ్తదని కండ్ల ముంగట ఏమైతుంటే అది రాసిన. మరాఠీల ఉన్నది.”

“అదే సదువు.”

“వద్దు చిన్నమ్మా.”

“సదువు.”

అతను చదివాడు. రాత మరాఠీ, నోటివెంట వచ్చింది తెలుగు.

“అమ్మ పాడుతున్నది. నేను రాస్తలేను. సచిన్ గోడకు బ్యాటు కొడుతుండు. అమ్మ మోకాలి మీద తాళమేస్తున్నది. రెండో చరణమైంది. అన్నం పొంగింది, అమ్మ లేవలే. మూడో దాంట్ల భూమన్న కాక పేరొచ్చింది. అమ్మ ఆపింది. ఇప్పుడు పాడుతలేదు, మాట్లాడుతున్నది. ఏడుస్తున్నది.”

అక్కడ ఆగాడు. పందిరి మీద నిలిచిన నీళ్ళు ఒక్కొక్క చుక్కే బొంత అంచున పడుతున్నాయి. కాంతమ్మ చూపు తిప్పలేదు.

“‘నా భజనకే మీ బాపు ఆ దినం జల్ది ఎక్కిండు’ అంటున్నది. ‘నేనే రమ్మని జెప్పి పంపిన. ఆయన జాగల భూమన్న నిలవడ్డడు. ఆయన మీద కూలాల్సిన బాయి కప్పు భూమన్న మీద కూలింది. నేనీడ డోలక్ కొడుతున్న. గీ ముచ్చట కాంతకు ఏ నోటితోని జెప్పాలె’ అంటున్నది. నాకు సమజైతలేదు. నేను ఊకున్న.”

చదవడం ఆపి తల వంచుకున్నాడు. పాట పోగొట్టడం ఒక తప్పు. పన్నెండేళ్ళ వయసులో తల్లి తన ఎదుట గుండె విప్పితే అది చేత్తో రాసి, చెవిన పెట్టకపోవడం ఇంకా పెద్ద తప్పు. ఇప్పుడది తెచ్చి ఈ మనిషి నెత్తిన వేశాడు. లేచి వెళ్ళిపోతుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు.

“నాకెర్కనే,” అంది కాంతమ్మ.

తొమ్మిదిమందీ ఆమె వైపు తిరిగారు.

“మీ కాక ఆ పగటాల సద్ది అందుకుంట నాకు చెప్పే పోయిండు. ‘వదినె భజన ఉన్నదట, మొగిలన్న జల్ది ఎక్కుతడు, ఆయన జాగల నేనుంట, నువ్వన్న పోయి ఇను’ అని. నవ్వుకుంట పోయిండు. నేను వొయ్యి ఈ అక్క ముంగటనే కూసున్న. ఆమె కొడుతున్నది, నేను ఇంటున్న. గప్పుడే సైరన్ కూసింది.”

కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది.

“మొదాల కోపమొచ్చి మాట్లాడలే. అటెన్క అక్క దినాం వచ్చి నా పిల్లలకు తానం పోసుడు, నా చేతికి తాళాలిచ్చి పక్కన కూసుండవెట్టుకునుడు. ఎందుకు చేస్తున్నదో నాకు తెల్సు. నాకు తెల్సని ఆమెకు తెల్వది. ‘నాకెర్కనే అక్కా, నీ మీద నాకేం లేదు’ అని ఒక్క మాట అంటే అయిపోవు. అంటే రావుడు బందు పెడ్తదేమో అని భయమైంది. ఆమె భయపడుకుంట నాకు చేస్తుంటే… నాకు గది కావాలన్పించింది బిడ్డా. నలభై ఏండ్లు ఆమె నా ముంగట దొంగ తీరుగ తిరిగింది. నేను తిరగనిచ్చిన.”

ఇంతసేపూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది ఆమెకు. పక్కనున్నావిడ చెయ్యి వేయబోతే వద్దని తోసేసింది. చాలాసేపటికి ముక్కు తుడుచుకుని, “ఇంకేమన్న ఉన్నదా?” అని అడిగింది.

“ఒక్క వరుస ఉన్నది.”

“సదువు.”

విజయ్‌కుమార్ బుక్కు దగ్గరికి తీసుకుని చదివాడు.

“‘రాసినవా బిడ్డా’ అని అమ్మ అడిగింది. రాసిన అన్న.”

కాంతమ్మ లేచి పీట మీది డోలక్‌కు ఉన్న దండ తీసి పక్కన పెట్టింది. దాన్ని ఒళ్ళోకి తీసుకుని, తోలు బిగిసేలా తాళ్ళకున్న ఇత్తడి రింగులు ఒక్కొక్కటే కిందికి లాగింది. మల్లవ్వ లాగడం నలభై ఏళ్ళు పక్కన కూర్చుని చూసింది కనుక ఎలా లాగాలో తెలుసు. వేలితో తట్టింది. అంత బాగా పలకలేదు. మళ్ళీ తట్టింది.

“పెన్నున్నదా?” అంది.

దివ్య పెన్ను తెచ్చి ఇచ్చింది.

“కింద జాగ ఉన్నదా? ఈపారి రాయి.” కళ్ళు మూసుకుని, అతను ఇందాక పాడిన వరుస రాగంలోనే, తడబడుతూ అందుకుంది.

“దీపమెప్పుడొ ఆరిందక్కా… చెప్పలేదు నేను నీకు…”

విజయ్‌కుమార్ రాశాడు. తెలుగు మాటలు, మరాఠీ అక్షరాలు. ఒక అక్షరం తప్పు పోతే కొట్టేసి మళ్ళీ రాశాడు. కాంతమ్మ డోలక్ మీద చెయ్యి ఆపి కళ్ళు తెరిచింది.

“రాసినవా బిడ్డా?”

అతను నోటుబుక్కు దివ్య చేతికిచ్చాడు. దివ్య ఆ వరుస మీద వేలు పెట్టి, ఒక్కొక్క మాటే, కాంతమ్మకు వినిపించేలా గట్టిగా చదివింది.